బెంచీల మధ్య దారి

అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే గదిలో చదువుకోవాలా, వేరువేరు గదుల్లోనా అన్న చర్చ తెలుగునాట నూట యాభై ఏళ్ళుగా ఉంది. చాలాకాలం అది పరువు గురించిన చర్చ, పెళ్ళి గురించిన చర్చ. చదువు ముగిశాక ఆ ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారని, ఆమె సంతకం కోసం అతను ఫైలు పట్టుకుని నిలబడే రోజు వస్తుందని ఆ చర్చ మొదలుపెట్టినవాళ్ళు ఊహించలేదు. ఆ రోజు వచ్చేసింది కాబట్టి ప్రశ్నను ఇప్పుడు ఉద్యోగం వైపు నుంచి అడగాలి. ఏ గదిలో చదివినవాళ్ళు పనికి సిద్ధమై వస్తున్నారు?

బాలికలకూ బాలురకూ విడివిడిగా నడిపే బడి ఒక రకం. కలిపి నడిపేది రెండో రకం; పుస్తకాల్లో దాని పేరు సహవిద్య, జనం నోట కో-ఎడ్. ఈ రెండింటి మధ్య పేరులేని మూడో రకం ఒకటి ఉంది. రికార్డుల్లో అది కో-ఎడ్డే. గదిలోకి వెళ్ళి చూస్తే మధ్యలో ఒక దారి, దారికి ఇటు అమ్మాయిల బెంచీలు, అటు అబ్బాయిల బెంచీలు. పదేళ్ళు ఒకే పైకప్పు కింద చదివి, అటువైపు వాళ్ళలో ఒక్కరితోనైనా పాఠం గురించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా టెన్త్ పాసైపోవచ్చు. లెక్కలు తీసేవాళ్ళు ఈ మూడో రకాన్ని రెండోదాంట్లో కలిపేస్తారు. సహవిద్య వల్ల లాభమన్నా నష్టమన్నా ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. వివేకవర్ధని పత్రిక మొదలైందీ ఆ ఏడాదే. ఆడపిల్లలకు చదువెందుకన్న పెద్దలతో ఆయన పత్రికాముఖంగా వాదించవలసివచ్చింది. ఆ వాదంలో ఉద్యోగం ఊసు లేదు. చదువుకున్న ఇల్లాలు ఇంటిని చక్కగా దిద్దుకుంటుందనే ఆయనా చెప్పారు. ఆనాటి బాలికల బడిని ఈనాటి కో-ఎడ్ బడితో పోల్చి తూచడం న్యాయం కాదు. అప్పుడు ఆ గదికి బదులుగా ఉన్నది కలిసి చదివే గది కాదు, అసలు గదే లేకపోవడం.

ఆ విడి గది అనుకోకుండా ఒక పని చేసింది. ఆడపిల్లలకు పాఠం చెప్పేది ఆడమనిషే అయి ఉండాలని తల్లిదండ్రులు పట్టుబట్టడంతో పంతులమ్మ అనే ఉద్యోగం పుట్టింది. బాలికల బడిలో చదివిన అమ్మాయి మరో బాలికల బడిలో టీచరయింది. వైద్యంలోనూ ఇదే జరిగింది. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడ రోగులు ఉన్నారు కాబట్టి మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే నలుగురు మహిళలను చేర్చుకుంది. ఇంజినీరింగ్ కాలేజీకి అలాంటి ఒత్తిడి లేదు. వంతెనకూ కరెంటు తీగకూ ఆడా మగా తేడా లేదు కాబట్టి ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో అరవై అయిదేళ్ళు పట్టింది. ఎదురుగా ఆడవాళ్ళే ఉన్నచోట ఆడవాళ్ళకు ఉద్యోగం దొరికింది. విడి గది తనలాంటి విడి గదులనే ఉద్యోగాలుగా ఇచ్చింది.

మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీ 1914లో వచ్చింది. హైదరాబాదులో 1924లో నాంపల్లిలో మొదలైన మహిళా కళాశాల తర్వాత కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీకి మారి, నగరమంతటికీ 'కోఠి విమెన్స్ కాలేజీ' అయింది. 2022లో విశ్వవిద్యాలయమై, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉంది. తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో పుట్టింది. ఇలాంటి చోట్ల ఒక విషయం చూసి తీరాలి. ప్రిన్సిపాల్ ఆవిడే, ఫిజిక్స్ హెడ్డూ ఆవిడే, విద్యార్థి సంఘం అధ్యక్షురాలూ క్రికెట్ కెప్టెనూ అమ్మాయిలే. స్టేజి మీద మైకు సరిచేసేది, స్పోర్ట్స్ డేకి షామియానా వాడితో బేరమాడేది కూడా వాళ్ళే. పెత్తనం అనేది ఆడవాళ్ళ చేతిలో ఎలా ఉంటుందో మూడేళ్ళ పాటు రోజూ కళ్ళారా చూసే అవకాశం మరెక్కడా దొరకదు. మహిళా కళాశాలల మీద ఎంత విమర్శ ఉన్నా ఈ ఒక్క సంగతిని తేలిగ్గా తీసెయ్యకూడదు.

విడి గది, కలిసిన గది ఒకే జీవితంలో ఎలా పనిచేస్తాయో చూడటానికి అయ్యలసోమయాజుల లలిత కథ మంచి ఉదాహరణ. ఆమె 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నాలుగు నెలల ఆడబిడ్డ. ఇంటర్మీడియట్ క్వీన్ మేరీస్‌లో ఫస్ట్ క్లాసులో పూర్తి చేశారు. వైద్యం చదివితే రాత్రీ పగలూ లేని పని, పసిపిల్లతో కుదరదు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్‌తోనూ ప్రభుత్వ విద్యాశాఖతోనూ మాట్లాడి అనుమతి తెచ్చారు. అలా 1940లో, వందల మంది మగపిల్లల కాలేజీలో లలిత ఒక్కరే అమ్మాయిగా చేరారు. ఆ తర్వాత సివిల్ బ్రాంచిలో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా చేరడంతో ముగ్గురయ్యారు. లలిత కోసం కాలేజీ హాస్టల్ వసతి విడిగా ఏర్పాటు చేసింది. తరగతి గది మాత్రం అందరిదీ ఒకటే, లేబొరేటరీ ఒకటే, పరీక్ష పేపరూ ఒకటే.

ఆమెకు 1943లో డిగ్రీ వచ్చింది. ఆ పట్టాను దగ్గరగా చూడాలి. అచ్చువేసిన కాగితంలో అభ్యర్థి మగవాడే అన్నట్టుగా 'అతడు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ముందే పడి ఉంది. దాన్ని సిరాతో కొట్టేసి, పైన 'ఆమె' అనే మాటను చేత్తో రాసి ఇచ్చారు. పట్టాలు అచ్చు వేయించిన రోజున ఇలాంటి అవసరం పడుతుందని ఎవరికీ తట్టలేదు. కలిసి చదవడానికి కాలేజీ ఒప్పుకుంది గానీ కాగితం ఇంకా ఒప్పుకోలేదు.

ఆ తర్వాత లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పనిచేశారు. సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఆమె చెయ్యి ఉంది. న్యూయార్కులో 1964లో జరిగిన మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజినీరు అయ్యారు. క్వీన్ మేరీస్ లేకపోతే లలితకు ఇంటర్ లేదు. గిండీ తలుపు తియ్యకపోతే ఉద్యోగం లేదు. ఆ రెండింటినీ కలిపింది ఒక తండ్రి పలుకుబడి, ఒక విడి హాస్టల్.

హాస్టల్ సంగతి చిన్నది కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బి.ఏ. కోసం వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి అన్నారు. ఆమె వెనక్కి తిరిగి రాలేదు. వసతి లేక చదువు ఆపేసిన అమ్మాయిలుంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు, రాసినవాళ్ళను కూడగట్టి హాస్టల్ నడిపారు, అడ్డు తొలిగింది. ఆడపిల్లలు కలిసి చదవడానికి ఇష్టపడరన్నది అప్పట్లో అందరూ చెప్పే మాట. వాళ్ళు రాకపోవడానికి కారణం తరగతి గదిలోని మగపిల్లలు కాదు, రాత్రి తలదాచుకునే చోటు లేకపోవడం అని ఆ ఒక్క ప్రకటనతో తేలిపోయింది. ఈ రోజుకీ జిల్లాల్లో కౌన్సెలింగ్ అప్పుడు తల్లిదండ్రులు బ్రాంచి కన్నా ముందు అడిగేది హాస్టల్ సంగతే.

స్వాతంత్ర్యం వచ్చాక చర్చ గది మీంచి సిలబస్ మీదికి మళ్ళింది. అసలు ప్రమాదం ఉన్నదక్కడే. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం స్త్రీలకు చదువు కావాలని గట్టిగా చెబుతూనే, గృహవిజ్ఞానం, నర్సింగ్, బోధన వంటివి వాళ్ళకు తగిన చదువులుగా చూసింది. మొదలియార్ కమిషన్ 1952-53లో బాలికల హైస్కూళ్ళలో హోంసైన్స్‌కు ప్రత్యేక ఏర్పాట్లు కోరింది. దుర్గాబాయి నాయకత్వంలోని జాతీయ స్త్రీవిద్యా సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే జాతీయ స్త్రీవిద్యా మండలి ఏర్పడింది. ఆ మండలి వేసిన హంసా మెహతా సంఘం 1962లో తెగేసి చెప్పింది: ఆడపిల్లలకు ఒక పాఠ్యక్రమం, మగపిల్లలకు ఒకటి అన్న పద్ధతి వద్దు. కొఠారీ కమిషన్ 1966లో దాన్ని ఆమోదించి, హోంసైన్స్‌ను ఆడపిల్లలకు తప్పనిసరి చెయ్యవద్దంది.

కాగితం మీద వాదం అక్కడితో తీరింది. ఊళ్ళో తీరలేదు. ఎన్నో బాలికల హైస్కూళ్ళలో లెక్కలకు టీచరు దొరకలేదు, లేబొరేటరీకి డబ్బు దొరకలేదు. కుట్టుమిషన్లు మాత్రం దొరికాయి. సిలబస్ ఒకటే అని చెప్పడం సులువు. ఫిజిక్స్ లేని బడిలో చదివిన అమ్మాయికి ఆ సిలబస్ ఒకటైనా పదయినా తేడా లేదు. మహిళా పాలిటెక్నిక్‌లను చూసినా ఇదే. కమర్షియల్ ప్రాక్టీసు, గార్మెంట్ టెక్నాలజీ, ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్, ఎలక్ట్రానిక్స్, తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మెకానికల్ అరుదు. గది విడిగా ఉన్నందువల్ల వచ్చిన నష్టం తక్కువ. గదితో పాటు చదువు కూడా విడిపోయినందువల్ల వచ్చిన నష్టం జీతం చీటీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణా దుర్గాబాయి దగ్గరే ఉంది. మద్రాసులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ, బడి మానేసిన స్త్రీలను తక్కువ కాలంలో మెట్రిక్యులేషన్‌కు కూర్చోబెట్టింది. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958 నుంచి ఇదే పద్ధతిని 'కండెన్స్‌డ్ కోర్సులు'గా దేశమంతటా నడిపింది. ఆ తరగతుల్లో వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, పిల్లల తల్లులు ఉండేవారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ పక్కన వాళ్ళను కూర్చోబెడితే రెండో రోజు ఒక్కరూ వచ్చేవారు కాదు. వాళ్ళు రాసిన పరీక్ష మాత్రం అందరూ రాసేదే. గ్రామసేవికలుగా, టీచర్లుగా, నర్సులుగా వాళ్ళు జీతం అందుకున్నారు. విడి గది, అందరి పరీక్ష, కచ్చితమైన ఉద్యోగం అన్న ఈ కూర్పు పనిచేసినంతగా మరేదీ పనిచెయ్యలేదు.

ఇక పరిశోధనలు. వీటిని చూపించి ఎవరి వాదం వాళ్ళు గెలుచుకుంటున్నారు కాబట్టి జాగ్రత్తగా చదవాలి. పాల్కీ, హైడ్, ఆలిసన్ అనే ముగ్గురు 2014లో 21 దేశాలకు చెందిన 184 అధ్యయనాలను, అంటే దాదాపు 16 లక్షల మంది విద్యార్థుల సమాచారాన్ని కలిపి చూశారు. కుటుంబ స్థితిగతులను, ముందున్న ప్రతిభను లెక్కలోకి తీసుకున్న అధ్యయనాలను మాత్రమే తీసుకుంటే విడివిద్యకూ సహవిద్యకూ మధ్య తేడా దాదాపు లేదన్నారు. బాలికల బడులు మంచి ఫలితాలు తెస్తాయన్న పేరుకు ఒక కారణం, వాటిలో చేరేవాళ్ళు ముందే ఎంపికై రావడం. దక్షిణ కొరియా సియోల్‌లో పిల్లలను హైస్కూళ్ళకు లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు కాబట్టి అక్కడ ఆ చిక్కు లేదు. అక్కడ విడి బడుల్లో చదివినవాళ్ళకు మార్కులు కొంత మెరుగ్గా, కాలేజీకి వెళ్ళే అవకాశం కొంత ఎక్కువగా కనిపించాయి. స్విట్జర్లాండులోని ఒక హైస్కూల్లో అమ్మాయిల తరగతిలో పడినవాళ్ళకు లెక్కల్లో లాభం కలిగింది, భాషలో కలగలేదు. ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో అమ్మాయిలను మాత్రమే ఉంచిన ట్యుటోరియల్ గ్రూపుల్లో కొన్ని వారాలు గడిపినవాళ్ళు రిస్కు ఉన్నదాన్ని తెగించి ఎంచుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు. ట్రినిడాడ్ అండ్ టొబాగో ప్రభుత్వం 2010లో వెనకబడిన 20 సెకండరీ పాఠశాలలను విడి బడులుగా మార్చితే అక్కడ మగపిల్లలకూ ఆడపిల్లలకూ మేలు జరిగింది. అంతకు ముందు ఆ దేశంలోనే జరిగిన మరో పరిశీలనలో, విడి బడుల్లోని అమ్మాయిలు సైన్సు సబ్జెక్టులు తక్కువ తీసుకుంటున్నారని తేలింది. రెండూ ఒకే ఆర్థికవేత్త కిరాబో జాక్సన్ చేసినవే. ఒకే దేశం, ఒకే పరిశోధకుడు, రెండు రకాల జవాబులు.

ఉద్యోగానికి సంబంధించి అన్నిటికన్నా పనికొచ్చేది బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టినవాళ్ళను దశాబ్దాలుగా వెంబడిస్తున్న అధ్యయనం. వాళ్ళలో పావువంతు విడి సెకండరీ బడుల్లో చదివారు. నలభై రెండో ఏట చూస్తే, బాలికల బడిలో చదివిన స్త్రీల వేతనం మిగతా స్త్రీల కన్నా సుమారు 5 శాతం ఎక్కువ. పదహారేళ్ళ తర్వాతి పరీక్షల్లో, ముఖ్యంగా లెక్కల్లో, వాళ్ళు బాగా చెయ్యడమే అందుకు కారణం. అయితే ఉద్యోగాల పంపకం మారలేదు. మగవాళ్ళ పనులనుకునే వాటిలోకి బాలికల బడి వాళ్ళు ఎక్కువగా వెళ్ళలేదు. పై పదవులకూ ఎక్కువగా ఎక్కలేదు. మగవాళ్ళ వేతనంలో తేడాయే లేదు. బాలికల బడి చేతికి మంచి మార్కులిచ్చింది, కానీ ఆఫీసు తలుపు ఎటు తెరుచుకోవాలో నిర్ణయించలేకపోయింది. ఈ ఫలితాన్ని బడి ప్రకటనల్లో ఎవరూ అచ్చువెయ్యరు.

తెలుగునాట కలిసి చదివే గది లోపలికి తిరిగి వద్దాం. పాతకాలపు డిగ్రీ కాలేజీలో లేడీస్ వెయిటింగ్ రూమ్ అని ఒకటి ఉండేది. గంట కొట్టాక లెక్చరర్ క్లాసుకు బయల్దేరితే అమ్మాయిలు వరసగా ఆయన వెనకాలే వచ్చి ముందు బెంచీల్లో కూర్చునేవారు. ఆయన వెళ్ళిపోగానే లేచి ఆయనతో పాటే వెళ్ళిపోయేవారు. పాఠానికి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు గదిలో ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియదు. నోట్సు మార్చుకోవడం, ఎవరికెక్కడ సీటు వచ్చింది, ఏ ఆఫీసులో ఖాళీలున్నాయి అన్న మాటలన్నీ ఆ పది నిమిషాల్లోనే నడుస్తాయి. ఉద్యోగాల సమాచారం పాఠంలో ఉండదు, పాఠానికి అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు వెయిటింగ్ రూములు పోయాయి. లేబొరేటరీకి వెళ్ళి చూడండి. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్, కలిసిన బ్యాచి. బల్ల మీద స్క్రూగేజి, పక్కన సన్నని తీగ. అబ్బాయి స్క్రూ తిప్పుతాడు, తల స్కేలు చదువుతాడు, అంకె చెబుతాడు. అమ్మాయి అబ్జర్వేషన్ బుక్కులో ఎర్ర స్కేలుతో గీతలు కొట్టి పట్టికలో ఆ అంకె రాస్తుంది, సగటు తీస్తుంది. ఆమె రాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి రికార్డు ఆమే రాయాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు, అలా జరిగిపోతుంది. పది ప్రయోగాల తర్వాత అతని చేతికి పరికరం అలవాటవుతుంది, ఆమె చేతికి కలం. అమ్మాయిల కాలేజీలో స్క్రూ తిప్పేదీ అమ్మాయే, గీతలు కొట్టేదీ అమ్మాయే. విడి గదికి ఉన్న బలం ఇది. పదేళ్ళ తర్వాత టీం మీటింగులో మినిట్స్ ఎవరు రాస్తారన్న ప్రశ్నకు జవాబు ఈ బల్ల దగ్గరే సగం తేలిపోయింది.

రెసిడెన్షియల్ చదువులు పెరిగాక విడిపోవడం ఇంకా ముదిరింది. అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకులం మగపిల్లలది. ఆ తర్వాత వచ్చిన సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాల్లో ఎక్కువగా బాలికలవి బాలికలవే, బాలురవి బాలురవే. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ శాఖ మహిళా డిగ్రీ గురుకులాలు కూడా తెరిచింది. ఇంటర్‌తో పెళ్ళి కుదిరిపోయే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు అవి మూడేళ్ళు కొనిచ్చాయి. వీటి విషయంలో గది విడిగా ఉండడం పెద్దగా ఆక్షేపించవలసింది కాదు. పైన చెప్పిన కండెన్స్‌డ్ కోర్సుల తర్కమే ఇక్కడా ఉంది. ప్రైవేటు కార్పొరేట్ జూనియర్ కాలేజీల తర్కం వేరు. అమ్మాయిల క్యాంపస్ ఒకటి, అబ్బాయిల క్యాంపస్ ఒకటి. ఒకే భవనమైతే మెట్లే వేరు. కారణం అడిగితే 'డిస్టర్బెన్స్ ఉండదు' అంటారు. తోటి మనిషే డిస్టర్బెన్స్ అని రెండేళ్ళు నేర్పించి, మూడో ఏడు బి.టెక్‌లో అదే మనిషితో మినీ ప్రాజెక్టు చెయ్యమంటారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు టెన్త్ తర్వాత పిల్లలను నేరుగా ఆరేళ్ళ కలిసిన చదువులోకి తీసుకోవడం ఈ వయసులో జరిగిన మంచి మినహాయింపు.

సీట్ల విషయంలో ప్రభుత్వం గది జోలికి పోకుండా వాటా జోలికి పోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్, వైద్య ప్రవేశాల్లో అమ్మాయిలకు మూడోవంతు రిజర్వేషన్ ఉంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అదే వాటా 1996 నుంచి అమలైంది. ఐఐటీలు 2018 నుంచి అదనపు సీట్లు కేటాయించి, అమ్మాయిల వాటాను రెండేళ్ళలో 20 శాతానికి తేవాలని పెట్టుకున్నాయి. మహిళలకు విడి ఐఐటీ పెట్టలేదు. సైనిక శిక్షణలో ఇంకా గట్టి మలుపు వచ్చింది. విజయనగరం దగ్గరి కోరుకొండ, చిత్తూరు ప్రాంతంలోని కలికిరి సహా సైనిక్ స్కూళ్ళు 2021-22 నుంచి అమ్మాయిలను చేర్చుకుంటున్నాయి. సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో 2022లో చేరిన తొలి మహిళా కేడెట్లలో 17 మంది 2025 మే 30న పాసవుట్ అయ్యారు.

పనిచోటు అంటే అన్నిచోట్లా కలిసిన చోటే అనుకోవడం కూడా పొరపాటు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైన్ల మీద, అచ్యుతాపురంలో దుస్తులు కుట్టే షెడ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. దుస్తుల పరిశ్రమలో మామూలుగా కనిపించే పంపకం ఇది: మిషన్ తొక్కేది ఆమె, ఆగిపోయిన మిషన్ బాగుచేసే మెకానిక్ అతను, పీసులు లెక్కబెట్టి గంటకు టార్గెట్ చెప్పే సూపర్‌వైజర్ చాలాచోట్ల అతనే. అలాంటి చోట ఆమెకు కావలసింది మగవాళ్ళతో కలిసి కూర్చునే అలవాటు కాదు. మిషన్ విప్పి చూసే చదువు, సూపర్‌వైజర్ పరీక్షకు కూర్చునే ధైర్యం. లేబొరేటరీలో స్క్రూగేజి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడ జీతం తేడా అవుతుంది.

మగపిల్లల గురించి ఈ చర్చలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. బాలుర గురుకులంలో ఆరో తరగతికి చేరి, బాలుర జూనియర్ కాలేజీలో ఇంటర్ ముగించే కుర్రాడు ఏడేళ్ళలో తన తోటివయసు అమ్మాయి లెక్క చేసి చూపించడం ఒక్కసారి కూడా చూడడు. అతని మొదటి టీం లీడర్ ఆవిడ కావచ్చు. పని సరిగ్గా లేదని ఆవిడ నలుగురిలో చెబితే దాన్ని పనిగా తీసుకోవాలా, అవమానంగా తీసుకోవాలా అన్నది అతనికి ఎవరూ నేర్పలేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు 1997లో, చట్టం 2013లో వచ్చాయి. కంపెనీలో చేరిన మొదటి వారంలో దాని మీద ఒక గంట వీడియో చూపించి సంతకం తీసుకుంటారు. ఏడేళ్ళ అలవాటును ఒక గంట వీడియో మార్చాలట.

కలిపి ఉంచితే చాలా అన్నదానికి నార్వే సైన్యంలో జవాబు దొరికింది. ఎనిమిది వారాల ప్రాథమిక శిక్షణలో కొన్ని దళాల్లో మహిళలను లాటరీ పద్ధతిన కలిపారు. ఒకే గదిలో ఉండి, ఒకే పని చేశారు. ఆ దళాల మగవాళ్ళలో, ఆడా మగా కలిసిన బృందం కూడా బాగా పనిచేస్తుందని నమ్మేవాళ్ళు 14 శాతం పాయింట్లు పెరిగారు. శిక్షణ ముగిసి విడివిడిగా వెళ్ళిపోయిన ఆరు నెలలకు ఆ మార్పు నిలవలేదు. కలిసి పనిచెయ్యడం మనసు మారుస్తుంది, ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎనిమిది వారాలు సరిపోవు. హర్యానాలో 314 ప్రభుత్వ బడులతో జరిగిన ప్రయోగం ఇంకో సగం చెబుతుంది. కొన్ని బడుల్లో రెండున్నరేళ్ళ పాటు, మూడు వారాలకోసారి, ఆడా మగా తేడాల మీద తరగతిలో చర్చ పెట్టారు. పిల్లల అభిప్రాయాలు మారాయి. ఇంటిపని ఎక్కువ చేస్తున్నామని చెప్పినవాళ్ళు మగపిల్లలు.

కాబట్టి గది విడిగా ఉండాలా కలిసి ఉండాలా అన్నదానికి అన్నిచోట్లా చెల్లే ఒక జవాబు లేదు. పెళ్ళి తరుముతున్న ఇంటి పిల్లకు, ఇరవై అయిదేళ్ళకు మళ్ళీ పుస్తకం పట్టిన తల్లికి విడి గది కావాలి. ఆ గదిలో ఫిజిక్స్ ల్యాబు, లెక్కల టీచరు, మెకానికల్ బ్రాంచి కూడా ఉండాలి. మిగతా అందరికీ కలిసిన గదే సరైనది, మధ్యలో దారి లేకుండా. డబ్బు కేటాయించకుండా రేపు పొద్దున మార్చగలిగింది మాత్రం ఒకటుంది. కొన్ని బడుల్లో హాజరు పట్టీలో ముందు మగపిల్లల పేర్లు నల్ల సిరాతో, వాళ్ళందరూ అయ్యాక ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాస్తారు. రోల్ నంబర్లు ఆ వరసలోనే పడతాయి, పరీక్ష సీట్లు ఆ వరసలోనే, ల్యాబు బ్యాచిలూ ఆ వరసలోనే. జూన్‌లో కొత్త పట్టీ తెరిచే టీచర్లు ఈసారి పేర్లన్నీ ఒకే సిరాతో, అక్షరక్రమంలో రాయాలి. స్క్రూగేజి ఒక వారం ఒకరి చేతికి, మరుసటి వారం రెండోవారి చేతికి ఇవ్వాలి.